మా ఇంటాయన మిల్లు మానేశాక నెలకు ఎంత ఉంటే గడుస్తుంది?

మిర్యాలగూడ నుంచి ఒక గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 50 ఏళ్లు, భర్తకు 54. ఆయన రైసు మిల్లులో గుమాస్తా. జీతం 34 వేలు. 2030లో 58 నిండగానే దిగిపోవాల్సి ఉంటుందని మిల్లు వాళ్లు ఇప్పటికే చెప్పారట. సొంత ఇంట్లో ఒక పోర్షన్ మీద 6 వేల కిరాయి, ఈమె జాకెట్లు కుట్టి సంపాదించే 4 వేలు కలిపితే ఇంట్లోకి నెలకు 44 వేలు వస్తాయి.

ఖర్చులు ఆమె ఒక నోట్‌బుక్‌లో రాస్తారు. పాలు, గ్యాస్‌తో సహా వంటింటికి 9,500, కరెంటు, ఫోన్లు, నీళ్ల బిల్లు కలిపి 2,200, ఆయన షుగరు, ఈమె థైరాయిడ్ మందులకు 1,800, పెట్రోలుకు 1,500, కొడుకు చదువు అప్పు కిస్తీ 6,500, చిట్టీకి 10 వేలు. కిస్తీ, చిట్టీ రెండూ 2028 నడుమన తీరిపోతాయి. “ఇవన్నీ కలిపితే 31,500. మిగిలిన 12,500 ఎటు పోతున్నదో నాకే తెలుస్తలేదు. ఏమన్నా మిగిలితే ఆయన మళ్లీ ఎవరికో అప్పు ఇస్తడు” అని రాశారు.

ఆస్తుల సంగతి: పీఎఫ్‌లో 6 లక్షల 20 వేలు (కూతురి పెళ్లికి ఒకసారి, ఇంటి స్లాబుకు ఒకసారి తీశారు). బ్యాంకులో 4 లక్షల డిపాజిట్. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోట్ల (అప్పు పత్రాల) మీద తిరుగుతున్న 8 లక్షలు. అందులో రెండున్నర లక్షలు తీసుకున్నాయన 14 నెలలుగా వడ్డీ కూడా కట్టడం లేదు. 5 లక్షల చిట్టీ ఇంకా పాడలేదు. 150 గజాల ప్లాటు 12 లక్షలంటున్నారు గానీ మూడేళ్లుగా కొనేవాడు రాలేదు. సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు భర్త పేరున ఉంది. ఎకరం 25 లక్షలు పలుకుతుందట. రెండు పంటలకూ నీళ్లొస్తే కౌలు 40 వేలు, యాసంగికి నీళ్లు వదలకపోతే అందులో సగానికి కొంచెం పైన.

ఇక ఆమె ప్రశ్న. “మా అన్న కోటి రూపాయలు లేనిదే ముసలితనం గడవదంటడు. మా మరిది నెలకు 25 వేలుంటే రాజాలాగ బతకొచ్చంటడు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఇల్లు అమ్మి తన దగ్గరికి రమ్మంటున్నడు. మా ఇంటాయన వడ్డీకే నెలకు 16 వేలొస్తయి, నీకెందుకు రంది అంటడు. అసలు మాకు నెలకు ఎంత కావాలె?”

*

మీరు నోట్‌బుక్ రాస్తున్నారు కాబట్టి సగం పని అయిపోయింది. ఎక్కువ మంది జీతంలో ఇన్ని పాళ్లు అని అంచనా వేసుకుంటారు. జీతానికీ రిటైరయ్యాక అయ్యే ఖర్చుకూ సంబంధం తక్కువ. మీ 44 వేలలో 16,500 కిస్తీకి, చిట్టీకి పోతోంది. అవి 2030 నాటికి ఉండవు. ఇప్పుడు పైసా పెట్టని ఆరోగ్య బీమా, ఇంటి మరమ్మతులు అప్పటికి మీద పడతాయి.

ముందు ఆ 12,500 సంగతి. అది పోలేదు, మీ ఉత్తరంలోనే అక్కడక్కడా ఉంది. బతుకమ్మ, దసరాలకు 25 వేలు. పెళ్లిళ్లు, గృహప్రవేశాల చదివింపులు 30 వేలు. కూతురి ఒడిబియ్యం, మనవడి పుట్టు వెంట్రుకలు 15 వేలు. ఇంటి పన్ను, బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 12 వేలు. బట్టలు 13 వేలు. యాదగిరిగుట్టకూ చుట్టాల ఇళ్లకూ ప్రయాణాలు 10 వేలు. ఏడాదికి లక్షా 5 వేలు, అంటే నెలకు 8,750. మిగిలిన మూడు నాలుగు వేలు మీవారు అప్పులిచ్చే సొమ్ములో కలుస్తున్నాయి. నెలవారీ నోట్‌బుక్‌లో ఏడాదికోసారి వచ్చే ఖర్చులు కనపడవు. చివరి రెండు పేజీలు వాటికే కేటాయించి, ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా రాయండి. నా లెక్క కంటే మీ లెక్కే నమ్మదగినది అవుతుంది.

ఇప్పుడు మీ నోట్‌బుక్‌నే ఇవాళ్టి ధరల్లో రిటైరైన ఇంటికి మార్చి చూద్దాం. వంటింటికి 10 వేలు. మిల్లు నుంచి తక్కువ ధరకు వచ్చే బియ్యం ఆగిపోతుంది కాబట్టి 500 కలిపాను. ఆయన పగలంతా ఇంట్లో ఉంటారు, మన ఎండల్లో కూలర్ ఆగదు, కాబట్టి బిల్లులకు 2,800. మిల్లుకు పోయి రావడం ఉండదు, పెట్రోలు వెయ్యికి తగ్గుతుంది. మందులు, పరీక్షలు 3,500. షుగరు ఉన్న మనిషికి కంటి పరీక్ష, కిడ్నీ పరీక్ష ఏటా తప్పవు, 1,800 దగ్గర ఆగుతుందనుకోవద్దు. ఆరోగ్య బీమాకు నెలకు 3 వేలు పక్కన పెట్టాలి. ఇవన్నీ ఆపలేని ఖర్చులు, మొత్తం 20,300. పండుగలు, చదివింపులు వగైరా 8,750, ఇంటి మరమ్మతులకు 1,500 (స్లాబు కారినా, బోరు మోటారు కాలినా ఒక్కసారే 15, 20 వేలు అవుతాయి) కలిపితే ఇంకో 10,250. మొత్తం 30,550. ఇది ఇవాళ్టి మాట. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే 2030లో ఇదే బతుకుకు 38,500 కావాలి. అందులో ఆపలేని భాగం 25,600.

మీ మరిది చెప్పిన 25 వేలు ఊరికే అన్న మాట కాదని తెలుస్తుంది చూడండి. ఆయన చెప్పింది తిండి, మందులు, కరెంటు. బిడ్డకు చీర పెట్టడం, చుట్టాల పెళ్లికి పోయి చేతిలో ఏదో పెట్టి రావడం ఆయన లెక్కలో లేవు. మన వైపు అవి లేకుండా బతకడం వేరే సంగతి.

ఇక రాబడి. ఇందులో ఒక నియమం పెట్టుకోండి: అడగకుండా, ఎవరినీ బతిమిలాడకుండా, ఆ నెల ఆ నెలకే వచ్చేదాన్నే లెక్కలో వేయాలి.

పీఎఫ్ పెన్షన్‌తో మొదలుపెడదాం. చాలామంది జీతంలో సగం వస్తుందని పొరబడతారు. లెక్క ఇది: చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. కానీ జీతం ఎంత ఉన్నా 15 వేల వరకే లెక్క. 2014 సెప్టెంబరుకు ముందు చేసిన సర్వీసుకైతే 6,500 వరకే. మీవారు 2002లో పీఎఫ్‌లో చేరారని రాశారు. 2014 దాకా పన్నెండున్నరేళ్లకు సుమారు 1,150, ఆ తర్వాత 2030 దాకా సుమారు 3,400. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసుకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. అంతా కలిపి నాలుగున్నర వేలకు పైన, ఐదు వేల లోపు. 4,700 అనుకుందాం. ఇది ఏటా పెరగదు. మొదలైనప్పుడు ఎంతో, పదిహేనేళ్ల తర్వాతా అంతే. 58 నుంచి తీసుకోకుండా 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. 58కి ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం తగ్గుతుంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: “2009లో మిల్లు మారిండు, పాత పీఎఫ్ కలిసిందో లేదో తెల్వదు.” కలవకపోతే పెన్షన్ లెక్కలో ఏడేళ్లు ఎగిరిపోతాయి. అప్పట్లో పాత మిల్లు పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుని ఉంటే ఆ ఏళ్లు ఇక తిరిగి రావు. తీసుకోకుండా వదిలేసి ఉంటే ఇప్పుడైనా బదిలీ చేయించవచ్చు. మీవారి ఫోన్లో పీఎఫ్ వెబ్‌సైట్‌లో యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరు) లాగిన్ అయి సర్వీసు వివరాల్లో రెండు మిల్లులూ కనపడుతున్నాయా, పాత మిల్లులో మానేసిన తేదీ నమోదైందా చూడండి. ఆ తేదీ లేకపోతే బదిలీ ముందుకు సాగదు. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకే తీరుగా ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా చివర్లో దరఖాస్తు వెనక్కి వస్తుంది. నామినేషన్ ఆన్‌లైన్లో మీ పేరున ఉందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి వదిలేసినవాళ్లు ఎంతోమంది.

కిరాయి 2030 నాటికి 7 వేలు అవుతుందనుకుందాం. ఏడాదిలో ఒక నెల పోర్షన్ ఖాళీగా ఉంటుంది, కాబట్టి 6,500. కౌలు మంచి ఏడాది లెక్క వేయొద్దు. సాగర్ నిండకపోతే యాసంగి పోయినట్టే కాబట్టి ఏడాదికి 24 వేలు, నెలకు 2 వేలు. రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12 వేలు వస్తున్న మాట నిజమే. 2018లో సీజనుకు 4 వేలతో మొదలై, 5 వేలై, 2025లో 6 వేలైంది, పేరు కూడా మారింది. వస్తే తీసుకోండి, ముప్పై ఏళ్ల లెక్కలో మాత్రం వేయకండి. ఇంకో సంగతి, రైతు బీమా 59 ఏళ్ల వరకే. మీవారు మిల్లు మానేసిన మరుసటి ఏడాదే అదీ పోతుంది.

ఇంతకూ నికరంగా వచ్చేది 13,200. కావలసింది 38,500. తేడా 25,300, ఏడాదికి 3 లక్షల 4 వేలు. ఈ తేడాను మీ కూడబెట్టిన సొమ్ము పూడ్చాలి.

ఎంత సొమ్ము ఉంటే పూడుతుంది? ధరలు 6 శాతం పెరుగుతూ, డబ్బు మీద ఏడున్నర శాతం వస్తూ, ఏటా తీసుకునేది ధరలతో పాటు పెంచుకుంటూ 30 ఏళ్లు నడవాలంటే మొదటి ఏడాది తీసుకునే దానికి 24 రెట్లు చేతిలో ఉండాలి. ముప్పై ఏళ్లు ఎందుకంటే 2030లో మీకు 54. లెక్క మీవారి వయసుతో కాదు, మీ వయసుతో వేయాలి. 3 లక్షల 4 వేలకు 24 రెట్లు అంటే 73 లక్షలు. పెన్షన్ పెరగదు గనుక ఇది కూడా కొంచెం తక్కువ లెక్కే. మీ అన్న చెప్పిన కోటి, కిరాయీ కౌలూ పెన్షనూ ఏవీ లేని ఇంటి లెక్కకు దగ్గర.

2030 నాటికి మీ దగ్గర ఎంత ఉంటుంది? పీఎఫ్‌లో ఇక చెయ్యి పెట్టకపోతే, 8.25 శాతం ఇలాగే ఉంటే సుమారు 9 లక్షల 80 వేలు. గ్రాట్యుటీ (పని మానేసినప్పుడు యజమాని ఒకేసారి ఇచ్చే సొమ్ము) గురించి మిల్లు వాళ్లు ఎప్పుడూ మాట్లాడలేదన్నారు. పది మంది, ఆ పైన పనిచేసే చోట ఐదేళ్లు నిండినవారికి అది హక్కు. చివరి జీతంలో బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. మీవారి బేసిక్ 15 వేలని చూపుతున్నారు కాబట్టి ఈ మిల్లులో 21 ఏళ్లకు కనీసం లక్షా 80 వేలు. మానేసిన 30 రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు డిపాజిట్ 5 లక్షల 10 వేలు అవుతుంది. చిట్టీ చివరిదాకా ఉంచి తీసుకుంటే కమీషన్ పోను 4 లక్షల 70 వేలు. నోట్ల మీదున్న 8 లక్షల్లో మొండిగా ఆగిన రెండున్నర తీసేసి ఐదున్నరే వేశాను. 2028లో కిస్తీ, చిట్టీ తీరాక ఆ 16,500 రెండేళ్లు పక్కన పెడితే దాదాపు 4 లక్షలు. మొత్తం 31 లక్షలు. ప్లాటు అమ్ముడుపోయేదాకా అది ఆస్తి, ఆదాయం కాదు.

31 లక్షలను 24తో భాగిస్తే ఏడాదికి లక్షా 29 వేలు, నెలకు 10,800. నికర రాబడితో కలిపి 24 వేలు. ఆపలేని ఖర్చు 25,600. మీ కుట్టుమిషను రాబడి కలిస్తే తిండికీ మందులకూ ఇబ్బంది లేదు. పండుగలకూ పెట్టుపోతలకూ మాత్రం చోటు లేదు. ఇదీ మీ అసలు పరిస్థితి. భయపడాల్సింది కాదు, అలాగని “రంది వద్దు” అని తోసేసేదీ కాదు.

మీవారు చెప్పే 16 వేల వడ్డీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన వైపు సగం ఇళ్లలో ముసలితనపు ఏర్పాటు ఇదే. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. ఇంత వడ్డీకి అప్పు కోసం వచ్చేవాడు, బ్యాంకు ఇవ్వదు కాబట్టే వస్తాడు. మీకే 8 లక్షల్లో రెండున్నర లక్షలు, అంటే మూడో వంతుకు దగ్గరగా ఆగింది. ఆ పోయేదాన్ని లెక్కలో వేస్తే 24 శాతం ఎక్కడా మిగలదు. పైగా ఇప్పుడు జీతం ఉంది కాబట్టి వడ్డీ రాని నెల గడుస్తోంది. జీతం ఆగాక అదే నెల మందుల షాపులో అప్పు పెట్టాల్సి వస్తుంది. చట్టం సంగతీ ఉంది. ప్రామిసరీ నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ లోపు అప్పు తీసుకున్నవాడు కొంత కట్టి నోటు వెనక సంతకంతో చెల్లు రాస్తే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. మాట మీద పొడిగించుకుంటూ పోతే నోటు చిత్తు కాగితం అవుతుంది. వరసగా పదిమందికి వడ్డీకి ఇస్తూ లైసెన్సు లేకపోతే అవతలి వకీలు ముందు దాన్నే పట్టుకుంటాడు. అన్నిటికన్నా పెద్ద చిక్కు మీది: ఎవరికెంత ఇచ్చారో మీవారి తలలో ఉంది. ఆయనకు ఏదన్నా అయితే “అన్నకు ఎప్పుడో కట్టేసిన” అనేవాళ్లకు మీరేం జవాబు చెబుతారు?

కాబట్టి 2030 నాటికి ఆ సొమ్ము మెల్లమెల్లగా బయటికి రావాలి. కొత్త నోట్లు రాయొద్దు, పాతవి తీరిన కొద్దీ బ్యాంకులో వేయండి. వడ్డీ తగ్గిస్తామంటే అసలు తెచ్చిచ్చేవాళ్లు కొందరుంటారు. రూపాయి వడ్డీకి ఒప్పుకుని అసలు రాబట్టుకోవడం నష్టం కాదు.

ఇక తేడా పూడ్చే దారులు. ప్రతిదానికీ ఒక ఖరీదు ఉంది.

మొదటిది, ఆయన ఇంకొన్నాళ్లు పనిచేయడం. ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన గుమాస్తాకు మిర్యాలగూడలో పూటపని దొరకడం కష్టం కాదు. ఎరువుల దుకాణాలకు, ధాన్యం కమీషన్ షాపులకు జీఎస్టీ లెక్కలు తెలిసిన మనిషి కావాలి. 58 నుంచి 62 దాకా నెలకు 20 వేలు తెస్తే, మీ సొమ్ములోంచి తీయకుండా ఆగిన మొత్తం వడ్డీతో కలిపి 11 లక్షలకు దగ్గరవుతుంది. ప్లాటు అమ్మినంత. ఇందులో ఉన్న అపాయం ఒక్కటే: షుగరు ఉన్న ఒంటి మీద ఆధారపడిన పథకం ఇది. జరిగితే మేలు అనుకోవాలి గానీ జరిగి తీరుతుందని ఖర్చు పెంచుకోవద్దు.

రెండోది ప్లాటు. మూడేళ్లుగా 12 లక్షలకు కొనేవాడు లేడంటే దాని ధర 12 లక్షలు కాదు. పదికి అడిగేవాడున్నా ఇచ్చేయడం మంచిదని నా అభిప్రాయం. పది లక్షలు నాలుగేళ్లలో వడ్డీతో పదమూడు దాటుతాయి. ప్లాటు అలాగే ఉంటే హద్దురాళ్లు కాపాడుకోవడానికి ఏటా పోయి రావాల్సిందే. అమ్మితే లాభం మీద పన్ను ఎంతో ముందే ఆడిటర్‌ను అడగండి.

మూడోది అందరికీ మనసొప్పనిది, ఒక ఎకరం అమ్మడం. లెక్కగా చూస్తే 50 లక్షల భూమి మీద మంచి ఏడాదిలో 40 వేల కౌలు, నూటికి ఏడాదికి ఒక రూపాయి కూడా లేదు. ఒక ఎకరం 25 లక్షలకు పోతే మీ సొమ్ము 56 లక్షలవుతుంది, నెలకు 19,400 తీసుకోవచ్చు. కౌలు వెయ్యి తగ్గినా మొత్తం 31,600 చేతికొస్తుంది. ప్లాటు కూడా 10 లక్షలకు పోతే 35,100. అంటే దాదాపు మీకు కావలసినంత. మున్సిపాలిటీకి ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమి అమ్మకం మీద ఆదాయపు పన్ను లేదు. అయితే కాలువ కింది భూమి అమ్మితే మళ్లీ కొనలేరు. దాని ధర పెరుగుదల కూడా వదులుకుంటారు. కొడుకూ కూతురూ అది తమ వాటా అనుకుంటూ ఉంటారు. కాబట్టి 2030లోనే అమ్మాలని లేదు. మొదటి ఏడెనిమిదేళ్లు డిపాజిట్లతో, పూటపనితో నడిపి, మీవారికి 66, 67 వచ్చాక అమ్మినా సరిపోతుంది. ఒకటి మాత్రం ఇప్పుడే పిల్లలిద్దరికీ చెప్పండి, ఒక ఎకరం మీ వృద్ధాప్యానిదని. చివర్లో ఆసుపత్రి మంచం మీద నుంచి చెబితే గొడవలే.

ఇల్లు అమ్మి హైదరాబాద్ పోవడం గురించి నా సలహా అడిగితే, ఆ నాలుగిట్లో చివరగా ఆలోచించాల్సింది అది. ఇల్లు పోతే 6,500 కిరాయి పోతుంది. మీ కుట్టుపని గిరాకీ పోతుంది. సొమ్ము కొడుకు ఫ్లాటు అప్పులోకి పోతే మీ చేతిలో నెలవారీ రాబడి ఉండదు. కొడుకు మంచివాడే కావచ్చు, ఉద్యోగం మాత్రం ప్రైవేటుది. రెండు మూడు నెలలు వెళ్లి ఉండండి, ఇల్లు తాళమేసి ఉంచండి. ఎప్పుడన్నా కొడుకు పేరున రాయాల్సి వస్తే, తల్లిదండ్రులను పోషించే షరతు మీదే ఇస్తున్నామని దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఆ దస్తావేజు రద్దు కోరే హక్కు ఆ షరతు మీదే నిలబడుతుంది. నోటిమాట షరతును నమ్ముకోవద్దు.

సొమ్ము ఎక్కడ పెట్టాలన్నది ఈ లెక్కలో తేలిక భాగం. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకానికి 60 ఏళ్లు నిండాలి. కానీ 55 దాటి రిటైరైనవారు ఆ సొమ్ము చేతికందిన మూడు నెలల్లోపు, ఆ సొమ్ము మేరకు 58కే ఖాతా తెరవచ్చు. ఆ మూడు నెలలు దాటితే రెండేళ్లు ఆగాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 11 లక్షల 60 వేలు అందులో వేస్తే ఇప్పటి 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 23,780 వస్తుంది. మీ పేరు ఉమ్మడిగా పెట్టించండి, ఆయన తర్వాత కూడా ఖాతా నడుస్తుంది. మిగిలినదాంట్లో కొంత పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేయొచ్చు. అక్కడ ఇద్దరి పేరున 15 లక్షల దాకా వేయొచ్చు, ఇప్పుడు 7.4 శాతం. ఐదేళ్ల గడువు తీరాక మళ్లీ వేస్తే అప్పటి రేటే వస్తుంది కాబట్టి సొమ్ములో ఐదో వంతు, పదేళ్ల దాకా ముట్టుకోనిది, మంచి ఇండెక్స్ ఫండులో (షేర్ మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో పెట్టే ఫండు) నెలనెలా కొద్దికొద్దిగా వేస్తే ధరలను తట్టుకోవడానికి పనికొస్తుంది. ఏ బ్యాంకులోనైనా ఒక మనిషికి బీమా ఉండేది 5 లక్షలకే, చిన్న సహకార బ్యాంకు అర శాతం ఎక్కువ ఇస్తుందని అంతా అక్కడ పెట్టొద్దు. ఈ రాబడి మీద ఇప్పటి నిబంధనల ప్రకారం పన్ను భయం లేదు.

ఆరోగ్య బీమా మాత్రం 2030 దాకా ఆగొద్దు. మీకు ఆహార భద్రత కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ 10 లక్షలు వర్తించవు. 70 దాటాక ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కింద 5 లక్షలు ఉన్నాయి గానీ దానికి ఇంకా పదహారేళ్లుంది. ఇప్పుడున్న జబ్బులకు బీమా కంపెనీలు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. మీవారికి 54లో తీసుకుంటే జీతం ఆగేలోపే ఆ గడువు తీరిపోతుంది. షుగరు, థైరాయిడ్ రెండూ దరఖాస్తులో రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి, దాచిన జబ్బే తర్వాత క్లెయిము తిరస్కరించడానికి కారణం అవుతుంది. దీనికి తోడు, పెద్ద ఆసుపత్రి అంటే మీకు నల్లగొండో హైదరాబాదో, అక్కడికి పోవడం, మనిషి తోడుండటం బీమాలో రావు. లక్షన్నర రూపాయలు ఇద్దరిలో ఎవరైనా తీసుకునే వీలున్న ఖాతాలో విడిగా ఉంచండి.

మీరు అడగని ఒక లెక్క కూడా చెబుతాను. ఆయన లేని రోజున మీ ఇంటి ఖర్చు సగం కాదు, మూడింట రెండు వంతులకు పైనే ఉంటుంది. కరెంటు, ఇంటి పన్ను, మోటారు, చదివింపులు ఒక్కరికైనా అంతే. పెన్షన్ మాత్రం సగానికి, అంటే 2,350కి పడిపోతుంది. అందుకే ఆస్తి పేర్లు ఇప్పుడే సర్దుకోవాలి. పొలం, ఇల్లు మీవారి పేరున ఉన్నాయి. రిజిస్టరు చేసిన వీలునామా ఉంటే విరాసత్ (వారసుల పేరుకు మార్చే) పని గొడవ లేకుండా జరుగుతుంది. పిల్లల మీద నమ్మకం లేక కాదు, తహసీల్దారు ఆఫీసులో కాగితమే మాట్లాడుతుంది.

ఆయన్ను అడిగితే విసుక్కుంటారని రాశారు. ఆస్తి లెక్క మొత్తం ఒక్కసారి అడగకండి. ముందు పీఎఫ్ పాస్‌బుక్‌తో మొదలుపెట్టండి, అందులో ఎవరికీ చిన్నతనం లేదు. పాత మిల్లు సర్వీసు వెతకడం ఇద్దరూ కలిసి చేసే పని. అది అయ్యాక 24 వేలు, 38,500 అనే రెండు అంకెలు ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. జీవితమంతా లెక్కలు రాసినాయన, అంకెను చూసి కసురుకోరు. నోట్లన్నీ ఒక పుస్తకంలో పేరు, తేదీ, అసలు, చివరి చెల్లు వివరాలతో ఎక్కించమని అప్పుడు అడగండి. ఆ రెండున్నర లక్షల నోటు తేదీ మాత్రం ఈ వారమే చూడాలి. మూడేళ్లు దగ్గర పడుతుంటే పంట చేతికొచ్చాక కడతానన్న మాట మీద ఆగకుండా, కనీసం వెయ్యి రూపాయలైనా కట్టించుకుని నోటు వెనక తేదీతో సంతకం పెట్టించుకోండి. అదీ పెట్టనంటే వకీలు నోటీసు పంపండి.